మూడో మందుకీ నాలుగో మందుకీ మధ్య

శుక్రవారం. సీసాకి ఇంకా పదమూడు రోజులు.

చేత్తో పరీక్ష రాసిన ఆఖరి బ్యాచ్ మాది. పన్నెండో తరగతి తెలుగు పేపరు ఇచ్చేసి వచ్చిన రోజున కలం పక్కన పెట్టాను. ముప్పై మూడేళ్ళ తర్వాత ఇవాళ మళ్ళీ పట్టుకున్నాను. వేళ్ళు మాట వినడం లేదు.

ఇన్నేళ్ళూ రాయాల్సిన అవసరం రాలేదు. అందరి చెవికీ పూస ఉంది. మనం అన్నదల్లా అది వింటుంది, చేర్చాల్సిన చోటికి చేరుస్తుంది. నేను చేసిన తప్పు గురించి నాలో నేను గొణుక్కున్నా వింటుంది. ప్రార్థనలో పైకి ఒప్పుకున్నా వింటుంది. కాగితం మీద రాసేది మాత్రం వినదు. అందుకని రాస్తున్నాను. దేవుడికి ఎలాగూ తెలుసు. నాకు నేను సరిగ్గా చెప్పుకోవాలి.

సిరా దొరకలేదు. మా తోడికోడలు మార్తమ్మక్కని అడిగితే రంగుల షెడ్డు నుంచి గరిటెడు రంగు మూతగిన్నెలో తెచ్చి ఇచ్చింది. ఎందుకని అడగలేదు. అక్షరాలు ఎర్రగా పడుతున్నాయి.

నేను ఎత్తుపేట ఆసుపత్రిలో చదువరిని. పదకొండేళ్ళుగా ఇదే పని. రోగికి ఏ జబ్బుందో తేల్చి కోడు వేసేది గుమాస్తా. గుమాస్తా అంటే మనిషి కాదు, గోడలో ఉండే యంత్రం. డాక్టరమ్మ తెర మీద చెప్పేది, పరీక్షల్లో తేలేది, రోగి తన గురించి తాను అనేది అన్నీ విని ఒక కోడు వేస్తుంది. ఆ కోడుని బట్టే మందు. నా పనల్లా కోడుని మామూలు మాటల్లో చదివి, "ఇది నిజమేనా?" అని రోగిని అడగడం. అవునంటే నా బొటనవేలు నొక్కుతాను. అప్పుడది ఖాయమవుతుంది. నా గొంతు మెత్తగా ఉంటుందని, చెడ్డ కబురు వినేవాళ్ళు బెదిరిపోరని ఈ కుర్చీలో కూర్చోబెట్టారు.

మార్తమ్మక్క భర్త దేవసహాయం గారు మా ఆయనకి అన్నగారు. నాకు బావగారు. మా ఆయన పోయాక నన్ను, "ఎక్కడికి పోతావమ్మా, ఆ పక్కగదిలో ఉండు" అని ఇంట్లోంచి పోనివ్వలేదు. రంగుల షెడ్డుకి మేస్త్రి ఆయన. ఎండబట్టకి రంగు పట్టించడంలో ఆయన చెయ్యి తిరిగినంత ఇంకెవరికీ తిరగదు. మా ఊళ్ళో ప్రతి కప్పు మీదా పరిచి ఉండే ఆ ఎర్రబట్టే పగలంతా ఎండ తాగి సాయంత్రానికి మాకు కరెంటిస్తుంది, ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేస్తుంది. ఆ రంగే ఏళ్ళ తరబడి ఒంట్లోకి ఇంకి మూత్రసంచిలో పుండు పెడుతుందట.

బావగారికి సి అరవైఏడు పాయింట్ రెండు. మూత్రసంచి పక్కగోడకి క్యాన్సరు. గొట్టం పెట్టి గడ్డ గీకేశారు. అది మళ్ళీ మొలవకుండా వారానికొకటి చొప్పున ఆరు మందులు సంచిలోకి ఎక్కించాలి. మూడయ్యాయి. నాలుగోది నిన్న.

నిన్న ఎక్కించలేదు. ఆయన పేరున్న సీసా శీతలపెట్టెలో కనిపిస్తూనే ఉంది. పెట్టె తలుపు మాత్రం రాలేదు. నర్సు పర్వీన్ రెండుసార్లు లాగి నా వైపు తిరిగింది.

"సుందరక్కా, ఈయన కోడు మారిపోయిందే. జెడ్ ఎనభై ఐదంట. గతంలో ఉండేదంట! ఎవరు నొక్కారు దీన్ని?"

"నేనే," అన్నాను.

పద్నాలుగు రోజుల్లో తలుపు రాకపోతే సీసా మందులు తెచ్చే పడవలోనే వెనక్కి పోతుంది. ఆయన పేరు మందు కోసం చూసేవాళ్ళ జాబితా అడుక్కి పోతుంది. మళ్ళీ పైకి రావడానికి ఏడాది. అంతకాలం ఆ జబ్బు ఆగదని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది.

శనివారం. పన్నెండు రోజులు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోయిన ఆదివారం మందిరంలో సాక్ష్యాల వేళ బావగారు లేచారు. మూడు మందులకే మూత్రం మంట తగ్గింది, నిద్ర పడుతోంది. ఆ సంతోషంలో ఉన్నారు. "ప్రభువు నాలోంచి ఆ రోగాన్ని తీసేశాడు. ఇప్పుడు నాలో ఏమీ లేదు. మందుల వల్ల కాదు, గొట్టాల వల్ల కాదు," అన్నారు. అందరం స్తోత్రం అన్నాం. నేనూ అన్నాను. కళ్ళనీళ్ళతో అన్నాను.

మా మందిరంలో అది మామూలే. జ్వరం దిగకముందే దిగిందని సాక్ష్యం చెబుతాం. జరగబోయేదాన్ని జరిగినట్టు చెప్పడమే విశ్వాసం అని మా పెద్దలు నేర్పారు. అది అబద్ధం అని నేను ఇప్పటికీ అనను.

కానీ చెవిలో పూస ఉంది. అది గుమాస్తాకి చెప్పింది. కోతలో గడ్డ పూర్తిగా వచ్చేసిందని డాక్టరమ్మ ముందెప్పుడో అన్న మాట కూడా గుమాస్తా దగ్గర ఉంది. రెండూ కలిపింది. సోమవారం పొద్దున నా బల్ల మీద కొత్త కోడు వెలిగింది. బావగారిని పిలిచి చదివాను. "మూత్రసంచి క్యాన్సరు, గతంలో ఉండేది. ఇది నిజమేనా బావగారూ?"

ఆయన కళ్ళు మూసుకుని, "ఆమెన్" అన్నారు.

అవును అనలేదు. ఆమెన్ అన్నారు. నేను రోగిని కళ్ళల్లోకి చూసి మళ్ళీ అడగాలి. చదువరికి మొదట నేర్పేది అదే. నేను మళ్ళీ అడగలేదు. నా ప్రాణం తేలికైపోయింది. నొక్కేశాను.

ఇవాళ డాక్టరమ్మ తెర మీదకొచ్చి నన్ను కోప్పడింది. "జ్ఞానసుందరి గారూ, గడ్డ గీకేసినంత మాత్రాన అది గతమైపోదు. మందు నడుస్తున్నన్నాళ్ళూ జబ్బు ఉన్నట్టే రాయాలి. మీకు తెలీనిదా?"

"తెలుసండీ."

"మరి?"

ఆమె గుమాస్తాకి స్వయంగా చెప్పింది, ఇది తప్పు కోడు, తిప్పమని. గుమాస్తా ఎప్పటిలా మర్యాదగానే పలికింది.

"డాక్టరు గారి మాట నమోదైంది. రోగి మాట వేరుగా ఉంది. చదువరి ముద్ర ఉంది. రోగి మాటే నిలుస్తుంది."

"ఎలా తిప్పాలి మరి దీన్ని?"

"ఏ నోట వచ్చిందో ఆ నోటే చెప్పాలి. లేదా గొట్టం పరీక్షలో కొత్త గడ్డ కనిపించాలి."

"కొత్త గడ్డ మొలిచేదాకా చూస్తూ కూర్చోమంటావా!" అని డాక్టరమ్మ బల్ల మీద గుద్దింది. తెర అదిరింది.

పూర్వం యంత్రాలు మనిషిని అడక్కుండానే మనిషి మీద జబ్బులు రాసేసేవట. లేని పిచ్చి రాసి పనుల్లోంచి తీసేశారట. అందుకే రోగి మాటే పైమాట అని చట్టం వచ్చింది. మంచి చట్టమే. నాలాంటి మనిషిని మధ్యలో కూర్చోబెట్టింది కూడా అందుకే.

ఆదివారం. పదకొండు.

సాక్ష్యాల వేళ లేద్దామనుకున్నాను. పాటల పుస్తకం రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. పాస్టరు అయ్యగారు మూడుసార్లు, "ఇంకెవరైనా?" అన్నారు. ఈ మందిరంలో ఇరవై తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నాను. ఒక్కసారీ లేవలేదు. ఇవాళా లేవలేదు.

సోమవారం. పది.

బావగారితో మాట్లాడాను.

ఇది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆయన ఎదుట నేను కూర్చోలేదు. అన్నం వడ్డించి గడప ఇవతల నిలబడతాను. ఆసుపత్రిలో కోడు చదివేటప్పుడు మాత్రం అది నా గొంతు కాదు, కుర్చీ గొంతు అనుకుని చదివేస్తాను. ఇంట్లో మూత్రం, సంచి, గొట్టం అన్న మాటలు ఆయన ముందు ఎలా అనాలి? కప్పు మీద ఎండబట్ట మడతపెడుతున్నారు. నేను రెండో కొస పట్టుకున్నాను. బట్ట మధ్యలో ఉంటే మొహాలు కనబడవు.

"బావగారూ, ఒక మాట."

"చెప్పమ్మా."

"నాలుగో మందు సంగతి."

"అది అయిపోయిందిగా తల్లీ. అక్కర్లేదని దేవుడే తలుపు మూశాడు."

"మూసింది దేవుడు కాదు బావగారూ. నేను."

ఆయన మడత ఆపారు. ఆమెన్ సంగతి ఒక్కటీ దాచి మిగతాదంతా చెప్పాను. కోడు ఎలా మారింది, ఎలా తిరుగుతుంది, ఎన్నాళ్ళుంది. గుమాస్తా ఎదుట ఒక్కమాట అంటే చాలన్నాను. నా రోగం నాలో ఇంకా ఉంది, అని.

బట్ట గాలికి టపటపలాడుతోంది.

"అమ్మాయ్, నూట యాభై మంది ముందు నిలబడి ఆయన తీసేశాడన్నాను. ఇప్పుడు ఆసుపత్రి గోడ ముందు నిలబడి, లేదు, ఇంకా ఉంది అనమంటావు. ఎవరిని అబద్ధికుణ్ణి చేయమంటావు? నన్నా, ఆయన్నా?"

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వాదించేదాన్నేమో. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు.

"నీ కొస వదులు," అన్నారు తర్వాత. మిగతా బట్ట ఆయనే మడిచారు.

బుధవారం. ఎనిమిది.

పొద్దున నీళ్ళు వదిలే వేళకి మార్తమ్మక్క నన్ను పెరట్లోకి రమ్మని సైగ చేసింది. నోటితో పిలవలేదు. చెవిలో పూస వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపింది.

బావగారి పంచె రాతి మీద పరిచి ఉంది. షెడ్డు వాళ్ళ బట్టలన్నీ ఎర్రమరకలే. చొక్కాలు, పంచెలు, దుప్పట్లు కూడా. ఆ మరకల మధ్య కొత్త మరకని ఎవరూ చూడరు. అక్క నా చెయ్యి పట్టుకుని నడుం దగ్గరున్న ఒక మరక మీద పెట్టింది. చెంబుతో చన్నీళ్ళు పోసింది. రెండుసార్లు రుద్దింది. మరక పోయింది. పక్కన మోకాలి దగ్గర మరక మీద కూడా పోసి రుద్దింది. అది పోలేదు.

రంగు చన్నీళ్ళకి పోదు. ముప్పై ఏళ్ళుగా ఆ బట్టలు ఉతికిన మనిషి ఆవిడ.

వేళ్ళు చూపించింది. నాలుగు. నాలుగు రోజులుగా.

నేను ఏడుస్తుంటే నా నోటి మీద తడిచెయ్యి పెట్టింది. ఆవిడ మాత్రం ఏడవలేదు. పంచె పిండి తాడు మీద వేసి, "ఇవాళ ఎండ బాగా కాస్తోంది కదే," అంది పైకి. పూసకి ఆ మాట వినిపించింది.

ఆయనకి రక్తం పడుతోందని నేను గుమాస్తాకి చెప్పొచ్చు. చెప్పినా నిలవదు. రోగి కాదంటే కాదనే. ఆయన రంగు అంటారు. పొద్దున అక్కతో రంగేలే అనడం నా గదిలోకి వినబడింది, దేని గురించో అప్పుడు తెలీలేదు.

గురువారం. ఏడు.

బర్నబాసు వచ్చాడు. షెడ్డులో బావగారి చేతి కింద తొట్టి దగ్గర పనిచేసేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. వాడు గదిలోకొస్తే పర్వీన్ ముందే నవ్వడం మొదలుపెడుతుంది.

"సుందరక్కా, నీ మాట వినడానికి ఈ పూస చాల్దు. నీ నోటికి ఒక బాకా కట్టించాలి."

"కూర్చో నాయనా."

షెడ్డు వాళ్ళకి ఏడాదికోసారి మూత్రం పరీక్ష. వాడి దాంట్లో గుమాస్తాకి ఏదో తేడా కనిపించింది. నా బల్ల మీద ఆర్ ముప్పై ఒకటి వెలిగింది. మూత్రంలో రక్తం. చదివి, నిజమేనా అన్నాను.

నవ్వు ఆగింది. ఒక్క క్షణమే.

"రంగక్కా అది. మేం తాగే నీళ్ళలోనే రంగుంటుంది."

"గొట్టం పరీక్ష ఒక్కటి చేయించుకో. పావుగంట పని."

"ఎందుకక్కా? మేస్త్రి గారికే గొట్టాలు అక్కర్లేకుండా పోయింది. విశ్వాసం ఆయనొక్కడికేనా, మాకు లేదా?" లేచి చొక్కా దులుపుకున్నాడు. "లేదని రాసుకో."

లేదని రాసుకోవాల్సి వచ్చింది. వాడు నా కళ్ళల్లోకి చూసి, ఈసారి ఆమెన్ కాదు, స్పష్టంగా లేదు అన్నాడు. నేను వేలు నొక్కాను. కుర్చీలోంచి లేచి వెనక గదిలోకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ప్రార్థన రాలేదు. వాడి చొక్కా మీది మరకలే కళ్ళ ముందు కదులుతున్నాయి. ఏవి రంగువో ఏవి కావో.

శనివారం. అయిదు.

ఇవాళ పర్వీన్ లేని వేళ గుమాస్తాని ఒక మాట అడిగాను. ఎవరి గురించో అడిగినట్టే.

"చదువరి నొక్కిన ముద్ర తప్పని చదువరే ఒప్పుకుంటే?"

"ఆ కోడు రద్దవుతుంది. ఏదీ తేలనట్టు ఉంటుంది. రోగి మాటతో కొత్త కోడు వేయాలి."

"చదువరికి?"

"ఆ చదువరి నొక్కిన ప్రతి ముద్రనీ తిరిగి విని చూస్తాను. అది ముగిసేదాకా ఆ బొటనవేలు చెల్లదు."

పదకొండేళ్ళు. ఎంతమందికి చదివాను! అందులో సగం మంది మా మందిరం వాళ్ళే. మా వాళ్ళు దేనికైనా ఆమెన్ అంటారు. ఎన్నింటిని అవునని తీసుకున్నానో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఇన్ని రోజులుగా నేను లేవనిది సిగ్గు వల్ల కాదని ఇవాళ ఒప్పుకుంటున్నాను. దీనికి భయపడి లేవలేదు.

సాయంత్రం వంటింట్లో పప్పు ఏరుతూ మార్తమ్మక్క నన్ను చూసి, "ఏమే, మొహం అలా పెట్టావు?" అంది.

"రేపు మందిరంలో లేస్తానక్కా."

ఆవిడ చాట కింద పెట్టింది. ఎందుకు లేస్తావని అడగలేదు. "తెల్లచీర కట్టుకో," అంది. "ఆ నీలంది వద్దు. అందులో నువ్వు ఉన్నావో లేవో తెలీదు."

ఆదివారం. నాలుగు.

అయ్యగారు, "సాక్ష్యం ఉన్నవాళ్ళు" అనగానే లేచాను. ఆగితే లేవలేనని తెలుసు.

అందరూ వెనక్కి తిరిగారు. అయ్యగారే ఆశ్చర్యపోయి, "జ్ఞానసుందరమ్మా? రా తల్లీ, ముందుకి రా," అన్నారు.

"బాకా తెండ్రా ఎవరైనా," అన్నాడు మగవాళ్ళ వైపు నుంచి బర్నబాసు. నవ్వులు. నాకూ నవ్వొచ్చింది. దానితో కాళ్ళు కదిలాయి.

ముందు నిలబడి చెప్పాను. "నేను చదువరిని. ఒక రోగికి కోడు చదివి నిజమేనా అని అడిగాను. ఆయన ఆమెన్ అన్నారు. నేను దాన్ని అవును కింద తీసుకుని వేలు నొక్కాను. అది తప్పు. ఆమెన్ దేవుడికి చెప్పేది. అవును డాక్టరుకి చెప్పేది. రెండూ ఒకటనుకున్నాను. ఆయనకి నడుస్తున్న మందు నా వల్ల ఆగిపోయింది."

ఎవరి గురించో అందరికీ తెలుసు.

"అమ్మాయ్, కూర్చో," అన్నారు బావగారు. నెమ్మదిగానే.

ఆయన కూర్చోమంటే కూర్చునే అలవాటు నాది. మోకాళ్ళు వంగాయి కూడా.

"కూర్చోకు," అంది మార్తమ్మక్క ఆడవాళ్ళ వైపు నుంచి. పెద్దగా అంది. మొగుడి మాట మీద నలుగురిలో ఆవిడ మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

కూర్చోలేదు. "ప్రభువు బావగారిని బాగుచేస్తున్నాడని నేను నమ్ముతాను," అన్నాను. "మూడు మందులు ఎక్కించేటప్పుడు పక్కనే ఉన్నాను. పావుగంటకోసారి పక్క తిరగమని చెప్పాను. ఆయన చేస్తున్న పనిని మధ్యలో తెంపింది నేను. ఆ సీసా ఇంకా పెట్టెలో ఉంది. నాలుగు రోజులే ఉంటుంది. నా తప్పు నేను ఒప్పుకున్నాను, ఇది పూస వింటోంది. కానీ నా మాట సగమే దిద్దగలదు. మిగతా సగం నా చేతిలో లేదు."

చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. బావగారు తల వంచుకుని చేతులు చూసుకుంటున్నారు. ఆ గోళ్ళలో రంగు ఎన్నటికీ పోదు. ఆయన లేవలేదు. అయిపోయిందనుకున్నాను.

"నాకూ పడుతోంది."

బర్నబాసు. కూర్చునే అన్నాడు. వాడి గొంతని ముందు పోల్చుకోలేకపోయాను. అందులో వేళాకోళం లేదు.

"ఏం పడుతోందిరా?" అన్నారు బావగారు తల తిప్పకుండానే.

"ఎరుపు మేస్త్రి గారూ. మూడు నెలలైంది. రంగేమో అనుకున్నా. చన్నీళ్ళకి పోతోంది."

అక్క కళ్ళు మూసుకుంది.

"పరీక్షకి వెళ్ళలేదా?"

"వెళ్ళక్కర్లేదన్నారుగా మీరు."

"నేనా? నేనెప్పుడన్నాను!"

"మీ సాక్ష్యంలో," అన్నాడు వాడు. "గొట్టాల వల్ల కాదన్నారు. మీకంటే నా విశ్వాసం తక్కువని ఎందుకు అనిపించుకోవాలి? లేదని చెప్పొచ్చాను సుందరక్కకి."

బావగారు అప్పుడు తిరిగి చూశారు వాణ్ణి. షెడ్డులో ఎవరి చెయ్యైనా తొట్టిలో జారితే చూసే చూపు. ముందు బెంచీ పట్టుకుని లేచారు. లేవడానికి చాలాసేపు పట్టింది.

"ఆ రోజు నేను చెప్పిన సాక్ష్యం దేవుడి మీద అబద్ధం కాదు," అన్నారు. "నాకు తొందర ఎక్కువైంది, అంతే. ఆయన మొదలుపెట్టాడు. ముగించాడని నేను చెప్పేశాను. అది చెప్పాల్సింది ఆయన." ఆడవాళ్ళ వైపు చూడకుండా, పిల్లల వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి చెప్పారు. "నా మూత్రసంచిలో క్యాన్సరుంది. ఇంకా ఉంది. నాకూ రక్తం పడుతోంది. నాకు మందు కావాలి. ఒరే బర్నబాసూ, రేపు నాతో రా."

ఆయన చెప్పే ప్రతి మాటకీ ఆమెన్ అనే జనం. నోళ్ళు తెరిచి ఆపుకున్నారు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అవును," అన్నారు అయ్యగారు.

తర్వాత ఒకరూ ఇద్దరూ, తర్వాత అందరూ. అవును. మా మందిరంలో ఆ మాట అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు.

సోమవారం. మూడు. కానీ ఇక లెక్కపెట్టక్కర్లేదు.

నా వేలు చెల్లదు కాబట్టి పర్వీన్ చదివింది. ఆమెది పెద్దగొంతు, వసారాలో వాళ్ళకి కూడా వినబడింది. "సి అరవైఏడు పాయింట్ రెండు! మూత్రసంచి పక్కగోడకి క్యాన్సరు! చికిత్స నడుస్తోంది! నిజమేనా?"

"అవునమ్మా. ఊరంతా చెప్పకు," అన్నారు బావగారు.

రక్తం సంగతి విని డాక్టరమ్మ ముందు పర్వీన్ చేత గొట్టం పెట్టించి తెర మీద లోపల చూసింది. కొత్త గడ్డ లేదు, పాత గాయం మానుతూ ఒరుసుకుంటోందంది. రెండు రోజుల్లో మూత్రం తేటపడితే ఎక్కించమంది. అంటే బుధవారం. సీసాకి గురువారం ఆఖరు. పెట్టె తలుపు ఒకసారి లాగి చూసి మూసేసింది పర్వీన్. వస్తోంది.

పక్కగదిలో బర్నబాసుకి పరీక్ష. లోపలికి వెళ్ళేముందు, "అక్కా, నాకు ఆ తెల్లచీర రంగులో వార్త చెప్పు, ఎర్రది వద్దు," అన్నాడు. చెప్పేది నేను కాదని గుర్తుచేస్తే మొహం చిన్నబుచ్చుకున్నాడు.

బుధవారం.

తేటపడింది. ఎక్కించారు.

రెండు గంటలు ఆపుకోవాలి. పావుగంటకోసారి పక్క మారాలి. బోర్లా, ఎడమకి, వెల్లకిలా, కుడికి. అక్క తలవైపు కూర్చుంది. నేను అడ్డుతెర ఇవతల నిలబడి గడియారం చూసి చెబుతున్నాను.

"ఎంతైంది అమ్మాయ్?"

"ఇంకా నలభై నిమిషాలు బావగారూ."

"కాళ్ళు లాగవూ నీకు? ఆ కుర్చీ వేసుకుని కూర్చో."

ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి, చదువరిగా కాకుండా, ఆయన దగ్గర కూర్చున్నాను. ఇంకా రెండు మందులున్నాయి. మూడు నెలలకి మళ్ళీ గొట్టం పెట్టి చూస్తారు. ఈ ఆలస్యం ఆయన్ని ఏం చేసిందో అప్పుడు తెలుస్తుంది. బర్నబాసుకి గడ్డ ఉంది. చిన్నది. గోడ దాటలేదంటున్నారు.

మధ్యాహ్నం గుమాస్తా నన్ను పిలిచింది. పదకొండేళ్ళ ముద్రలూ విని ముగించానంది. అవును కాని చోట నేను అవునని తీసుకున్నవి, బావగారిది కాక, పందొమ్మిది. పేర్లు చదివింది. రోగులకి నేను చదివినట్టే, మెత్తగా చదివింది. పదిహేను మంది ఉన్నారు. రేపటి నుంచి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మళ్ళీ అడుగుతాను. కుర్చీ లేకపోయినా అడగొచ్చు.

నలుగురు లేరు. సలోమి. జకరయ్య మేస్త్రి. రాహేలమ్మ. చిన్నమ్మాయి అని అందరం పిలిచే దీనమణి. వాళ్ళు నా వేలు వల్లే పోయారని గుమాస్తా అనలేదు. కాదనీ అనలేదు. ఆ నలుగురి పేర్లూ నోటితో పలకలేక ఇక్కడ రాశాను.

గిన్నెలో రంగు అడుగంటింది. ఈ కాగితాలు మడిచి మార్తమ్మక్కకి ఇస్తున్నాను. ఆవిడకి చదవడం రాదు. ఉతికిన పంచెల అడుగున పెట్టమన్నాను. "ఏం రాశావే ఇందులో?" అంది. "మనం పెరట్లో మాట్లాడుకున్నది," అన్నాను. ఆ రోజు మేం ఏమీ మాట్లాడుకోలేదని ఆవిడకి తెలుసు. తీసుకుని రొమ్ము దగ్గర పెట్టుకుంది.

ఆవిడ తర్వాత ఎవరి చేతికైనా ఇవి వస్తే, దాచండి. చూపించకండి. బావగారి ఒంటి సంగతులు ఇందులో ఉన్నాయి. ఆ నలుగురి ఇళ్ళవాళ్ళు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళకి చెప్పాల్సింది కాగితం కాదు, నేను. చెప్పడం అయిందో లేదో వాళ్ళనే అడగండి. నేను చెప్పలేదని వాళ్ళంటే, ఈ కాగితాలు దాచి ఉంచింది వాళ్ళకి చూపించడానికే అనుకోండి.